వల ముందు నేర్చుకున్న బ్యాక్‌స్వింగ్

గోల్ఫ్‌లో బంతి కుడికి వంగిపోతుంటే చాలామంది కొట్టే దెబ్బని సరిచేసుకోవాలని చూస్తారు. నా అనుభవంలో అక్కడ సరిచేసుకోవడానికి టైమే ఉండదు. పైకి లేపిన క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, దిగి వచ్చి బంతిని తాకడానికి సుమారు పావు సెకను పడుతుంది. బంతి క్లబ్‌ని ఆనుకుని ఉండేది సెకనులో దాదాపు రెండువేలో వంతు. ఆ వేగంలో మణికట్టుకి ఏం చెప్పినా వినదు. వినేది ఒక్కచోటే, క్లబ్‌ని నిదానంగా వెనక్కి తీసుకెళ్లేటప్పుడు. అందుకే క్లబ్ కిందికి దిగే డౌన్‌స్వింగ్ గురించి ఆలోచించడం మానేసి, వెనక్కి తీసుకెళ్లే బ్యాక్‌స్వింగ్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను. అది ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను. నాది కుడిచేతి వాటం. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నేను కోర్సు మీద, అంటే అసలు గోల్ఫ్ మైదానంలో, ఆడేది మాత్రం విశాఖపట్నంలో. మా బావ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడతాడు, అతని గెస్టుగా వెళ్తాను. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ చేరతాం. ఆ ప్రయాణం తరచూ కుదిరేది కాదు. మిగతా రోజులన్నీ మా పెరట్లో కట్టుకున్న వలే నాకు గ్రౌండు. వలలో కొడితే బంతి ఎటు పోయిందో తెలీదు కదా అని అందరూ అంటారు. నిజమే, తెలీదు. కానీ బ్యాక్‌స్వింగ్ నేర్చుకునేవాళ్లకి అంతకంటే మంచిది లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. రేంజ్‌లో, అంటే ఆరుబయట సాధన చేసే చోట, కొడితే కళ్లు బంతి వెంట పరిగెడతాయి. ఒకటి కుడికి పోగానే మనసు కంగారుపడి, రెండోదానికి చెయ్యి ఏదో ఒకటి మార్చేస్తుంది. వల ముందు ఆ కంగారు ఉండదు. చూడ్డానికి చేతులు, క్లబ్ తప్ప ఇంకేమీ ఉండవు.

నాకు దారి చూపించింది మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన. అందరూ మాస్టారు అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. పుట్టింది పర్లాకిమిడిలో, ఉద్యోగం చాలాకాలం కలకత్తాలో. 1829 నుంచి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ ఉన్న ఊరు అది. అక్కడ ఆటగాళ్ల బ్యాగులు మోసే క్యాడీల దగ్గరే స్వింగ్ నేర్చుకున్నారట. ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఆడడం లేదు. ఓ సాయంత్రం మా పెరట్లో కుర్చీ వేసుకుని కాసేపు చూశారు. బంతి గురించి ఒక్క ముక్కా అడగలేదు.

"బాబూ, క్లబ్ కదిలిన మొదటి రెండడుగులూ ఎటు పోతోందో ఎప్పుడైనా చూసుకున్నావా?" అన్నారు.

"లేదు మాస్టారూ."

"అయితే అదే చూడు. మిగతాది తర్వాత చూద్దాం."

ఇక్కడ బంతి ఎందుకు వంగుతుందో కొంచెం చెప్పాలి. బంతి బయల్దేరే దిక్కు ఎక్కువగా తాకే క్షణంలో క్లబ్ ఫేస్, అంటే క్లబ్ తలలో బంతిని తాకే చదును భాగం, ఎటు చూస్తోందో దాన్నిబట్టి ఉంటుంది. ఐరన్లతో, అంటే లోహపు పలచటి తల ఉన్న క్లబ్బులతో, సుమారు ముప్పాతిక వంతు, అన్నిటికంటే పొడుగైన డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ వాటా ఫేస్‌దే. బయల్దేరాక గాల్లో వంగడానికి కారణం ఫేస్ చూసే దిక్కుకీ, క్లబ్ నడిచే దారికీ మధ్య తేడా. ఆ దారి కంటే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది. బంతిని కొలిచే రాడార్ యంత్రాలు రాకముందు చాలామంది దీన్ని తలకిందులుగా చెప్పేవారు, దారిని బట్టి బంతి బయల్దేరుతుంది, ఫేస్‌ని బట్టి వంగుతుంది అని. మాస్టారూ అలాగే నేర్చుకున్నారు. దీని మీద మా ఇద్దరికీ చాలాసేపు వాదన జరిగింది. చివరికి ఆయన "కారణం నీది, మందు నాది" అని తేల్చేశారు. నిజానికి ఆయన చెప్పిన మందు రెండు లెక్కలకీ పనికొచ్చేదే.

లెక్క చిన్నదే. బంతి ఒక్క డిగ్రీ పక్కకి బయల్దేరితే 150 గజాల దగ్గర రెండున్నర గజాలకు పైగా తప్పుతుంది. 5 డిగ్రీలైతే 13 గజాలు. గాల్లో వంగేది అదనం. నా క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా నడిచేది, ఫేస్ ఆ దారి కంటే కుడికి తెరుచుకుని ఉండేది. బంతి లక్ష్యానికి కాస్త ఎడమగా లేచి, కుడికి కోసుకుంటూ పోయేది. అసలు సిసలు స్లైస్. దానికి సర్దుబాటుగా చాలామంది ఇంకాస్త ఎడమకి తిరిగి నిలబడతారు. దాంతో క్లబ్ ఇంకా అడ్డంగా నడుస్తుంది, వంపు ఇంకా ముదురుతుంది.

ముందు ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీసుకున్నాను. ఫోన్ ఎక్కడ పెడతామన్నది చాలా ముఖ్యం. మన కుడిపక్కన, లక్ష్యం వైపు చూస్తూ, చేతులున్న ఎత్తులో, చేతుల వరసలోనే పెట్టాలి. కాస్త అటూ ఇటూ జరిగినా మంచి స్వింగ్ తప్పుగా, తప్పు స్వింగ్ మంచిగా కనపడుతుంది. నేను ఒక స్టూలు మీద పచ్చడి సీసాకి ఆనించి పెట్టి, ఆ స్టూలు కాళ్ల చోట నేల మీద పెయింటుతో గుర్తులు వేసుకున్నాను. నిన్నటి వీడియోకీ ఇవాళ్టి వీడియోకీ పోలిక కుదరాలంటే ఆ గుర్తులు ఉండాల్సిందే.

వీడియోలో చూస్తే మాస్టారి మాట నిజం. క్లబ్ కదిలీ కదలగానే ముంజేతులు మెలి తిరుగుతున్నాయి. ఫేస్ ఆకాశం వైపు తిరిగిపోతోంది, క్లబ్ తల నా వీపు వెనక్కి దూరిపోతోంది. అక్కణ్ణుంచి చేతులకి మిగిలిన దారి ఒక్కటే. క్లబ్‌ని పైకి ఎత్తాలి, దిగేటప్పుడు కుడి భుజంతో ముందుకి నెట్టాలి. రోగం భుజంలో కనపడుతోంది, పుట్టింది మాత్రం మొదటి రెండడుగుల్లో.

అందుకని మొదట బంతిని పక్కన పెట్టాను. మా వరండాలో పెద్ద టైల్స్ పరిచి ఉన్నాయి. రెండు టైల్స్ మధ్య గీతని లక్ష్యానికి వెళ్లే గీత అనుకున్నాను. 7 ఐరన్ తీసుకుని, క్లబ్ తలని ఆ గీత మీద ఆనించి, ఛాతీ, భుజాలు, చేతులు, క్లబ్ అన్నీ ఒకేసారి కదిలేలా వెనక్కి తీసుకెళ్లాలి. చేతులు ముందు కదలకూడదు. క్లబ్ తల కొద్ది దూరం గీతని పట్టుకునే పోయి, తర్వాత దానంతట అదే కొంచెం లోపలికి తిరుగుతుంది, ఎందుకంటే మనం తిరుగుతున్నాం కాబట్టి. షాఫ్ట్, అంటే క్లబ్ కాడ, నేలకి సమాంతరంగా వచ్చినచోట ఆపేస్తాను. ఆపి, తల తిప్పి చూస్తాను. షాఫ్ట్ టైల్ గీతకి సమాంతరంగా ఉందా? పైనుంచి చూస్తే క్లబ్ తల నా చేతుల్ని కప్పుతున్నట్టుగా, లేదా కాస్త బయటికి ఉందా? ఫేస్ ముందు అంచు నా వెన్ను ఎంత వంగి ఉందో అంత వంపులోనే ఉందా? ఈ మూడోది అందరూ వదిలేస్తారు. అంచు నిట్టనిలువుగా ఉంటే సరిపోతుందని కొందరంటారు, అదీ ఫర్వాలేదు. నాకు మాత్రం వెన్నుతో సమానంగా కొంచెం నేల వైపు వాలి ఉంటేనే ఫేస్ తెరుచుకోకుండా ఉంది. అంచు వెనక్కి వాలి, ఫేస్ ఆకాశాన్ని చూస్తుంటే మాత్రం పాత అలవాటు తిరిగొచ్చినట్టే.

ఈ ఒక్క కదలికనే రోజూ పొద్దున కాఫీకి ముందు చేసేవాణ్ణి. వెనక్కి, ఆపు, చూడు. మళ్లీ ముందుకి. చూసేవాళ్లకి విసుగు పుడుతుంది, నాకు పుట్టలేదు. మొదట్లో సరైన చోటు నాకు పూర్తిగా తప్పుగా అనిపించేది. క్లబ్ ఎక్కడో బయట, లక్ష్యం గీతకి అవతల ఉందనిపించేది. వీడియోలో చూస్తే గీతకి సమాంతరంగా ఉండేది. శరీరానికి అలవాటైనదే సరైనదిగా అనిపిస్తుంది, అందుకే ఈ పని వీడియో లేకుండా చెయ్యొద్దని చెబుతాను.

గ్రిప్, అంటే క్లబ్‌ని పట్టుకునే తీరు, కూడా అదే సమయంలో కొద్దిగా మారింది. పైనుంచి చూస్తే ఎడమ చేతి కణుపులు రెండైనా కనపడాలి, మూడోది తొంగిచూసినా మంచిదే. నాకు ఒకటే కనపడేది. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, ఓ వారం ఇబ్బందిగా ఉండి అలవాటైపోతుంది.

తర్వాతది స్వింగ్ పైకి వెళ్లాక ఎడమ మణికట్టు. అక్కడ మణికట్టు వెనక్కి విరిగి, చేతి వెనక ముడతలు పడితే ఫేస్ తెరుచుకుంటుంది. కింద ఎంత బాగా మొదలుపెట్టినా ఇక్కడ పాడైపోతుంది. దీనికి నేను వాడింది పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే చిన్న ప్లాస్టిక్ స్కేలు. ఎడమ చేతి గ్లవ్ పట్టీ కింద దాన్ని దూర్చి, సగం అరచేతి వెనక, సగం ముంజేతి మీద ఆనేలా పెట్టుకోవాలి. బంతి దగ్గర నిలబడ్డప్పుడు మణికట్టులో కొంచెం వంపు సహజంగానే ఉంటుంది, అప్పుడు స్కేలు చర్మాన్ని కాస్త నొక్కుతుంది. క్లబ్ పైకి వెళ్లేకొద్దీ ఆ నొక్కుడు తగ్గుతూ రావాలి. పైకి చేరాక స్కేలు చేతి వెనక, ముంజేతి మీద తేలిగ్గా ఆని ఉండాలి. నాకు మొదట్లో పైకి చేరాక అంచు గుచ్చుకునేది, ఎర్రగా గీత పడేది. ఆ గుచ్చుకోవడమే నాకు గురువు. వీడియో తర్వాత చూపిస్తుంది, స్కేలు అప్పటికప్పుడు చెబుతుంది. ఇది బంతి లేకుండా, నిదానంగా చేసే పని. స్కేలు పెట్టుకుని గట్టిగా ఊపకండి, విరిగి కంటికి తగలొచ్చు.

మూడోది తుంటి. నేను బ్యాక్‌స్వింగ్‌లో తిరగడానికి బదులు కుడికి జరిగేవాణ్ణి. అలా జరిగితే బరువు కుడి పాదం బయటి అంచు మీదకి పోతుంది, తిరిగి సరిగ్గా అదే చోటుకి రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది. "నడుం తిరగలి రాయిలా ఉన్నచోటే తిరగాలి బాబూ" అనేవారు మాస్టారు. ఒక కుర్చీని కుడి తుంటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని, దాన్ని తాకకుండా తిరగడం సాధన చేశాను. ఇది మిగతా రెండిటి కంటే తొందరగా వచ్చింది.

భుజాలు దాదాపు 90 డిగ్రీలు, తుంటి అందులో సగం తిరగాలని పాఠాల్లో చెబుతారు. యాభై దాటిన నా నడుముకి అంత తిరుగుడు లేదు. బలవంతంగా తిప్పబోతే ఎడమ మోచెయ్యి మడతపడి, క్లబ్ తల వెనక వేలాడేది. మాస్టారు ముప్పాతిక స్వింగ్ దగ్గర ఆపెయ్యమన్నారు. దూరం తగ్గిపోతుందేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. అప్పుడు ఆయన గుర్తుచేసింది మన దేశపు గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్‌ని. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్ ఆఖరి రౌండ్ తెల్లవారకముందే లేచి చూసినవాళ్లకి తెలుసు. ఆమె కొట్టే దూరం ఆ పోటీలో ఉన్న చాలామంది కంటే తక్కువ. అయినా బంతిని అనుకున్న చోట పెట్టుకుంటూ, గుంటలోకి బంతిని దొర్లించే పటింగ్‌తో నెట్టుకొస్తూ నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం తప్పింది. ప్రపంచంలో మేటి ఆటగాళ్ల మధ్య ఆ అమ్మాయి నిలబడింది దూరంతో కాదు. నాలాంటివాళ్లకి దూరం కోసం ఆరాటమెందుకు? ముప్పాతిక స్వింగ్‌తో నా 7 ఐరన్ పది గజాలు కూడా తగ్గలేదు, ఎందుకంటే బంతి ఫేస్ మధ్యలో తగలడం మొదలైంది. ఇది ఎలా తెలిసిందంటే, బంతి వెనక వైట్‌బోర్డు మార్కర్‌తో చుక్క పెట్టి కొడితే ఆ చుక్క ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఒకప్పుడు ఆ అచ్చులు ఫేస్ అంతా చెల్లాచెదురుగా ఉండేవి, ఇప్పుడు రూపాయి బిళ్లంత చోటులోనే పడుతున్నాయి.

లయ గురించి చెప్పకుండా ఉండలేను. మంచి ఆటగాళ్ల స్వింగుల్లో బ్యాక్‌స్వింగ్‌కి పట్టే సమయం, డౌన్‌స్వింగ్‌కి పట్టే సమయం దాదాపు మూడుకి ఒకటి నిష్పత్తిలో ఉంటాయి. నేను వెనక్కి లాగడంలోనే తొందరపడేవాణ్ణి, ఆ తొందరలో ముంజేతులు మెలి తిరిగేవి. మా అమ్మాయి నాట్యం నేర్చుకున్న రోజుల్లో ఇంట్లో వినపడిన "తకధిమి తా" నాకు ఇక్కడ అక్కరకొచ్చింది. "త" అన్నప్పుడు క్లబ్ కదులుతుంది, "మి" అన్నప్పుడు పైకి చేరుతుంది, "తా" అన్నప్పుడు బంతి తగులుతుంది. అక్షరాల మధ్య ఎడం సమానంగా ఉంచితే మూడుకి ఒకటి దానంతట అదే కుదిరిపోతుంది. లోపల్లోపల అనుకుంటూ కొడతాను, కోర్సు మీద కూడా. తలలో ఇంకే ఆలోచనకీ చోటుండదు, అదే దాని గొప్పతనం.

ఇంత చేశాక విశాఖ వెళ్తే బంతి ఎడమకి పోవడం మొదలైంది. బావ నిరాశపడ్డాడు. "అదేంటి బావా, కుడి రోగం పోయి ఎడమ రోగం వచ్చింది?" అన్నాడు. మా క్యాడీ కుర్రాడు మాత్రం "ఎడమకే పోతోంది సార్, కానీ వంగట్లేదు, తిన్నగా పోతోంది" అన్నాడు. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. బంతి వంగడం లేదంటే ఫేస్, దారి రెండూ ఒకే దిక్కు చూస్తున్నాయని అర్థం. ఫేస్ సరిపడింది, దారి ఇంకా బయటి నుంచి లోపలికే ఉంది. ఇక మిగిలింది దారి ఒక్కటే. ఈ దశలో చాలామంది భయపడి పాత స్వింగ్‌కి వెళ్లిపోతారు. స్లైస్ పోయే ముందు బంతి తిన్నగా ఎడమకి పోవడం మంచి గుర్తు. దయచేసి అక్కడ ఆగిపోకండి.

దారి కోసం చేసింది సులువైన పనే. బంతికి అవతలి పక్క, క్లబ్ తల వెడల్పుకి కొంచెం ఎక్కువ దూరంలో, ఖాళీ మిఠాయి డబ్బా పెట్టాను. క్లబ్ బయటి నుంచి దిగితే డబ్బా ఎగిరిపోతుంది. మొదటి రెండడుగులూ సరిగా ఉండి, మణికట్టు సరిగా ఉండి, తొందరపడకపోతే క్లబ్ లోపలి నుంచే దిగుతుంది, డబ్బా కదలదు. డౌన్‌స్వింగ్ గురించి నేను చేసిన సాధన మొత్తం ఇంతే. క్లబ్ పైన సరైన చోట ఉంటే కిందికి దారి అదే వెతుక్కుంటుంది. ఆ తర్వాత విశాఖ వెళ్లినప్పుడు 7 ఐరన్, 8 ఐరన్ దెబ్బలు గుంట ఉండే పొట్టి గడ్డి చోటు, అంటే గ్రీన్, వెడల్పులో పడ్డాయి. అన్నీ కాదు, ఎక్కువ.

వల కట్టాలనుకునేవాళ్లకి రెండు మాటలు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, సాధారణంగా అంతే ఉంటుంది. క్రికెట్ వలల్లో కొన్నిటి కన్నులు అంతకంటే పెద్దవి, బంతి దూసుకుపోతుంది. నేను విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర చిన్న కన్నుల నైలాన్ వల కొన్నాను. వలని బిగించి కట్టొద్దు, బంతి అంతే వేగంతో వెనక్కి వస్తుంది. వదులుగా వేలాడాలి, వెనక పాత దుప్పటి ఒకటి కట్టాలి, మనం పది అడుగుల దూరంలో నిలబడాలి. పిల్లలు అటు రాకుండా చూసుకోవాలి. సిమెంటు నేల మీద పలచటి పట్టా వేసి కొట్టొద్దు. క్లబ్ నేలకి తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ మోచేతికి ఎక్కుతుంది. కొబ్బరి పీచు పట్టాని మెత్తటి మట్టి మీద పరిచి, బంతిని నిలబెట్టే పొట్టి పుల్ల, అంటే టీ, మీద పెట్టి కొడుతున్నాను. కొట్టే ముందు నడుం, భుజాలు వేడెక్కేదాకా ఒట్టి చేతులతో తిరుగుతాను.

డ్రైవర్ ఇంకా పూర్తిగా దారికి రాలేదు. దాని ఫేస్ నిటారుగా ఉంటుంది కాబట్టి, ఐరన్‌తో కొద్దిగా వంగే తప్పు దీనితో చాలా ఎక్కువ వంగుతుంది. పొడుగు ఎక్కువ కాబట్టి ముంజేతులు మెలి తిప్పాలన్న పాత కోరిక ముందు దీనితోనే తిరిగొస్తుంది. ఇప్పుడు మళ్లీ వరండాలో టైల్ గీత దగ్గరికి వచ్చాను, ఈసారి డ్రైవర్‌తో. వానల్లో పెరట్లో కొట్టడం కుదరదు. అందుకని కరెంటు వైరింగ్‌కి వాడే పీవీసీ పైపు ఒకటి చేతికి అందే పొడుగు కోసి ఉంచాను. సీలింగ్ ఫ్యాన్‌కి తగలకుండా ఇంట్లోనే సగం స్వింగ్ చేసుకోవడానికి అది సరిపోతుంది. వానలు తగ్గాక బావకి ఫోన్ చేసి, డ్రైవర్ పట్టుకుని విశాఖ రైలెక్కాలి.